నలభై అయిదు దాటితే

దయ్యాలనీ భూతాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. పెళ్ళికి ముందు నుంచీ రిటైరయ్యే దాకా నర్సు ఉద్యోగం చేశాను. ఎంతమంది కళ్ళు నా చేతులతో మూశానో, ఎంతమందికి చివరి దుప్పటి కప్పానో లెక్క లేదు. ఖాళీ వార్డులో ఒక్కదాన్నే కూర్చుని క్యారియర్ విప్పుకుని అన్నం తిన్నదాన్ని. చనిపోయినవాళ్ళతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, వచ్చిన ఇబ్బందంతా బతికున్నవాళ్ళతోనే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత సంగతి విని నన్నెవరూ పిరికిదాన్ననుకోకూడదు.

మాది విజయవాడలో గుణదల. మా ఆయన సుందరరావు హార్మోనియంలు బాగుచేసేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో చర్చిలకీ భజన సమాజాలకీ ఉన్న పెట్టెలు చాలావరకు ఆయన చేతుల మీదుగా వెళ్ళినవే. అయితే బాగుచేసిన పెట్టె బస్సు టాపు మీద ఊరు చేరేసరికి కుదుపులకి మళ్ళీ శ్రుతి తప్పేది. పెట్టెలు తిరగడమెందుకు, నేనే తిరుగుతానని ఆయనకు బుద్ధి పుట్టింది. తొంభైల మధ్యలో ఒక పాత స్కూలు వ్యాను కొన్నారు.

ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే జానీ భాయ్ దాన్ని ఇల్లు చేసి ఇచ్చాడు. వెనక ఒక మంచం, పొడుగు బెంచీ, స్టవ్వు పెట్టుకోవడానికి చిన్న గట్టు, గిన్నెలకి అర. మంచినీళ్ళ బిందె దొర్లిపోకుండా చెక్కకి గుండ్రంగా కన్నం కోసి అందులో కూర్చోబెట్టాడు. డ్రైవరు సీటుకీ వెనక గదికీ మధ్య రేకు గోడ, దానికి అరచేతంత కిటికీ. మా వీధిలోవాళ్ళు చూసి, ఇంకేం సుందరరావుగారూ, ఇక ఇంటిపన్ను కట్టక్కర్లేదని ఏడిపించేవారు.

ఆ బండంటే అందరికంటే ఎక్కువ మోజు మా అత్తగారికి. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయని, ఎక్కడికి బయల్దేరినా అందరికంటే ముందు ఆవిడే ఎక్కి బెంచీ మీద సర్దుకునేది. నాకు సెలవు దొరికినప్పుడల్లా నేనూ వెళ్ళేదాన్ని. మా ఆయన చర్చి వరండాలో పెట్టె విప్పుకుని కూర్చుంటే, మేమిద్దరం కాలవ గట్టున బండి నీడలో వంట చేసుకునేవాళ్ళం. నా జీవితంలో అంత సుఖంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు.

ఎంత స్పీడులో పోవాలనే దాని మీద మాత్రం తల్లీకొడుకులకి మొదట్లో పెద్ద తగాదా. ఈయన ట్యాంకు నిండా డీజిలు పోయించి, ఒకసారి అరవైలో, ఒకసారి యాభైలో, ఒకసారి నలభైలో బందరు దాకా వెళ్ళొచ్చి ఎంత తాగిందో చూశారు. అరవైలో డీజిలు మంచినీళ్ళలా తాగింది. పైగా ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టరు అడ్డొచ్చి బ్రేకు వేస్తే బండి ఆగింది గానీ, లోపల స్టవ్వూ గిన్నెలూ అత్తగారూ అందరూ కలిసి రేకు గోడ దాకా వచ్చేశారు. నలభైలో డీజిలు మిగిలింది. కానీ వెనక లారీలవాళ్ళు విసుగెత్తి, సందు లేనిచోట కూడా దూరి దాటుతుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టుండేది.

యాభై అన్నారు ఈయన. నలభై అంది ఆవిడ. ఆవిడ మీటరు ఆ నీళ్ళ బిందె. యాభైలో బిందె తొణికి ఆవిడ పాదాలు తడిసేవి, నలభై అయిదులో నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగేవి. చివరికి నలభై అయిదు దగ్గర ఇద్దరూ రాజీ పడ్డారు.

ఆ రాజీని కాపాడే పని ఆవిడే పెట్టుకుంది. చేతిలో ఇత్తడి చెంబు ఉండేది. స్పీడు పెరిగితే ఆ చెంబుతో రేకు గోడ మీద ఒక్క దెబ్బ. తగ్గించమని. మళ్ళీ నీళ్ళు కుదురుకున్నాక రెండు దెబ్బలు. ఇక పోనిమ్మని. బస్సు కండక్టరు గంట కొట్టినట్టు. కొన్నాళ్ళకి ఆయన కాలికి అదెంత అలవాటైపోయిందంటే, ఠంగుమని వినపడగానే కాలు దానంతటదే పైకి లేచేది.

బందరులో మా ఆడపడుచు కరుణ ఉండేది. ఆయనకి ఒక్కతే చెల్లెలు. పుట్టింటికి వచ్చిందంటే రెండు మూడు ఊళ్ళు మాతో తిరగందే వెళ్ళేది కాదు. తల్లి పక్కనే బెంచీ మీద కూర్చునేది. ఆవిడ కునుకు తీస్తే చెంబు తను అందుకుని, కావాలని ఒకటి కొట్టి అన్నయ్యని ఏడిపించేది. దాని భర్త ప్రకాశరావుగారు మాత్రం ఆ బండి ఎప్పుడూ ఎక్కలేదు. చక్రాలున్న ఇంట్లో నాకు కళ్ళు తిరుగుతాయనేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక మా అత్తగారు నిద్రలోనే పోయింది. గుర్తుగా ఉంటుందని ఆ చెంబు కరుణ తీసుకెళ్ళింది. బిందె మాత్రం బండిలో దాని కన్నంలోనే ఉండిపోయింది. తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. నీళ్ళకి ప్లాస్టిక్ క్యాను పెట్టుకున్నాం. ఏటా సమాధుల పండక్కి మా ఆయన తల్లి సమాధికి తన చేత్తోనే సున్నం వేసేవారు, కూలివాణ్ణి పెట్టనిచ్చేవారు కాదు. కొట్టేవాళ్ళు లేకపోయినా బండిని నలభై అయిదు దాటించేవారు కాదు.

తర్వాత కరుణకి కిడ్నీలు పాడయ్యాయి. ఒకరోజు పొద్దున్నే బందరు ఆసుపత్రి నుంచి ప్రకాశరావుగారు ఫోను చేశారు. అన్నయ్యని చూడాలంటోంది, వెంటనే రండన్నారు. ఊపిరి ఎలా ఉంది, ఒళ్ళు ఎలా ఉందని నేను నాలుగు మాటలు అడిగాను. ఆయన చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైపోయింది. మా ఆయనతో ఉన్నమాట చెప్పేశాను, మధ్యాహ్నం దాకా ఉండదేమోనని. బండి వాకిట్లోనే ఉంది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే స్టార్టు చేశారు. వెనక గదిలో ఎవరూ లేరు, నేను ముందు సీట్లోనే కూర్చున్నాను.

కంకిపాడు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. మంచి ఎండ. స్పీడు అరవై అయిదు దాకా వెళ్ళింది. బండికి అంత స్పీడు అలవాటు లేక తలుపులన్నీ దడదడలాడుతున్నాయి.

అప్పుడు వెనక రేకు మీద ఠంగుమని ఒక్క దెబ్బ వినపడింది.

ఆయన కాలు లేచింది. బండి నెమ్మదించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"విన్నావా?" అన్నారు.

"విన్నానండీ" అన్నాను.

ఏదో ఊడి ఉంటుందనుకుని పక్కకి ఆపి వెనక తలుపు తీసి చూశాను. గిన్నెలు అరలో బిగించినట్టే ఉన్నాయి. బిందె ఎండిపోయి దాని కన్నంలో ఉంది. రేకుకి తగిలేంత దూరంలో ఏ వస్తువూ లేదు. మళ్ళీ బయల్దేరాం. ముల్లు యాభై దాటిందో లేదో మళ్ళీ ఒక్క దెబ్బ. రేకు కొట్టుకునే చప్పుడు కాదది. ఇత్తడి మోత. ఏళ్ళ తరబడి విన్నదాన్ని, నాకు తెలియదా.

ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే చెరకు బళ్ళని తప్పించుకుని ఊరు దాటాక, ఆయన పళ్ళు బిగించి మళ్ళీ తొక్కారు. మళ్ళీ వినపడింది. ఆయన తల కాస్త వెనక్కి తిప్పి, ఖాళీ కిటికీతో గట్టిగా అన్నారు.

"అమ్మా, కరుణ దగ్గరికేనే వెళ్తున్నాం. పోనీయవే."

సమాధానంగా ఇంకొక్క దెబ్బ. అంతే, ఆయన నలభై అయిదుకి దించేశారు. ముందు ఏదో ప్రమాదం ఉంది, అందుకే అమ్మ ఆపుతోందన్నారు. పామర్రు దాకా, పామర్రు దాటాక కూడా అదే స్పీడు. సైకిళ్ళు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయాయి. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

గూడూరు దాటాక రెండు దెబ్బలు వినపడ్డాయి. వెంట వెంటనే, స్పష్టంగా. అమ్మ ఒప్పుకుందని ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. అక్కణ్ణుంచి బందరు దాకా బండి ఎంతలో వెళ్ళిందో నేను చూడలేదు. మళ్ళీ ఏ చప్పుడూ లేదు.

ఆసుపత్రి వరండాలో ప్రకాశరావుగారు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన నిలబడిన తీరు చూస్తేనే నాకు తెలిసిపోయింది. లోపలికి వెళ్ళి కరుణ చెయ్యి పట్టుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. మా ఆయన మంచం కాళ్ళ దగ్గరే నేల మీద కూలబడిపోయారు. మొదట వెళ్ళిన స్పీడులోనే వెళ్ళి ఉంటే చెల్లెలు ఆయన్ని చూసుకునేది. ఆ లెక్క వెయ్యడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

ఇలాంటి సంగతులు చెప్పేవాళ్ళు, ముందు ఎక్కడో వంతెన కూలింది, ఆ చప్పుడే మమ్మల్ని కాపాడిందంటారు. మా దారిలో ఏ వంతెనా కూలలేదు. ఆ పూట ఆ రోడ్డు మీద ఏ ప్రమాదమూ జరగలేదు, నేను వాకబు చేశాను. తర్వాత జానీ భాయ్ రేకు గోడ స్క్రూలన్నీ విప్పి చూశాడు. ఒక్కటీ వదులు లేదన్నాడు. ఎందుకు చూడమన్నామో అతనికి చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పలేదు. చెబితే చర్చిలో మా కోసం ప్రార్థనలు పెడతారు, ఆసుపత్రిలో నన్ను చూసి నవ్వుతారు.

మా ఆయన మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని కూరగాయలకి తిప్పుకున్నారు, వాళ్ళకెప్పుడూ ఏమీ వినపడలేదట. ఆ ఏడు సమాధుల పండక్కి ఆయన తల్లి సమాధి వైపు వెళ్ళనేలేదు. సున్నం డబ్బా నేను కొనుక్కొచ్చి పెడితే అలాగే గట్టిపడిపోయింది. కన్నకూతురు దగ్గరికి పోతుంటే ఆపింది, అదేం తల్లి అన్నారు. ఒక్కసారే అన్నారు గానీ, ఆ కోపంతోనే ఐదారేళ్ళు బతికి, ఆ కోపంతోనే పోయారు. తల్లి పక్కనే చోటున్నా, తనని అక్కడ పెట్టొద్దని ముందే చెప్పి, గోడ పక్క చోటు చూసుకున్నారు.

ఆయన పోయిన కొన్నాళ్ళకి ప్రకాశరావుగారు నన్ను చూడ్డానికి వచ్చారు. కాఫీ తాగుతూ, చాలా ఏళ్ళుగా ఒక సంగతి అడగాలనుకుంటున్నానమ్మా, మీరు నర్సు కదా, మీకు తెలుస్తుందన్నారు.

ఆ రోజు కరుణ, అన్నయ్య బయల్దేరాడా అని అడిగిందట. బయల్దేరాడని ప్రకాశరావుగారు చెప్పారట. తర్వాత కళ్ళు మూసుకుని, పక్కన స్టూలు మీదున్న ఇత్తడి చెంబు మీద ఉంగరం వేలితో ఒకసారి కొట్టిందట. దాహమనుకుని ఈయన చెంచాతో నీళ్ళు పట్టారు. వద్దని తల తిప్పేసింది. కాసేపాగి మళ్ళీ ఒకసారి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ వద్దు. అలా చాలాసేపు జరిగింది. చివర్లో వెంట వెంటనే రెండుసార్లు కొట్టింది. ఆ చెయ్యి మళ్ళీ ఎత్తలేదు.

"ఏం అడిగిందమ్మా అది? నాకు అర్థం కాక దాహంతో పంపేశానా?" అన్నారు.

పోయేముందు మనుషుల చేతులు కదులుతాయి. దుప్పటి పీకుతారు, గాల్లో ఏదో వెతుకుతారు. నేను ఎన్నోసార్లు చూశాను. ఆయనకి ఆ మాటే చెప్పి ఊరుకోవచ్చు. చెప్పలేకపోయాను.

"నీళ్ళు కాదన్నయ్యగారూ. వాళ్ళ అన్నయ్యని మెల్లగా రమ్మంది" అన్నాను.

ఆ తర్వాత బండి సంగతి మొత్తం చెప్పాను. వెళ్ళేటప్పుడు ఆయన, బావకి తెలుసా అని అడిగారు. తెలియదన్నాను.

అదొక్కటే నన్ను తినేస్తోంది. ఆ చెంబు ఎవరి దగ్గరుందో మా ఇద్దరికీ తెలుసు. అయినా చచ్చిపోయిన మనిషే కొట్టిందనుకున్నాం గానీ, బతికున్న మనిషి మీదికి మా ఆలోచన పోనే లేదు. మేం ప్రకాశరావుగారితో ఒక్క ముక్క అన్నా, ఆయన మాతో ఒక్క ముక్క అన్నా, మా ఆయన తల్లి మీద కోపం లేకుండా పోయేవారు. చెల్లెలు తనకోసం ఎదురుచూస్తూ కూడా తొందరపడొద్దందని తెలుసుకుని పోయేవారు.

ఆ ఏడు అత్తగారి సమాధికి నేనే సున్నం వేశాను. మిగిలింది తీసుకెళ్ళి గోడ పక్క ఆయనకీ వేశాను. సమాధులు వింటాయని నేను నమ్మను. అయినా వేస్తున్నంతసేపూ, మీ అమ్మ కాదండీ, కరుణండీ అని చెబుతూనే ఉన్నాను.

దయ్యాలని నమ్మనని మొదట్లో అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. ఆ రోజు కొట్టింది దయ్యం కాదు, అప్పటికింకా ఊపిరి ఉన్న మనిషి. బందరులో మంచం మీద కొట్టిన చప్పుడు కంకిపాడు రోడ్డు మీద మాకెలా వినపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.