ముట్టుకోకుండా కొన్న పక్కడ్

కరోనా ఏడాది సూరత్‌లో నాకంటే చవగ్గా పక్కడ్ కొన్న మొనగాడు లేడు. తీగను కత్తిరించి వంచే పట్కారుని ఇక్కడ పక్కడ్ అంటారు. రెండొందలు చెప్పినదాన్ని తొంభైకి లాగాను, అదీ చేత్తో ముట్టుకోకుండా.

ముట్టుకోకపోవడం మా ఇంటి విద్య. నేను కిరాణా దుకాణం గల్లాపెట్టె పక్కనే పెరిగాను. "నచ్చిన సామాను చేతిలకు తీస్కున్నవా, ధర పెరుగుతది" అనేవాడు మా బాపు. పైగా ఆ కరోనా రోజుల్లో దుకాణాల ముందు తాడు కట్టి, అవతల నుంచే అమ్మేవాళ్లు. నాకైతే ఆ తాడు నాకోసమే కట్టినట్టనిపించింది.

నేను పనిచేసే రింగ్ రోడ్ చీరల దుకాణం మూతపడింది. భేస్తాన్‌లో మా గది కిరాయి మాత్రం ఆగలేదు. నా భార్య జాకెట్లు కుట్టేది. పెళ్లిళ్లే లేనప్పుడు జాకెట్లెవరికి? కడోదరాలో ఒక సేఠ్ మాస్కుల పని ఇస్తానన్నాడు. ముందు కొన్ని కుట్టి మర్నాడు పొద్దున్నే చూపించాలి, మాస్కులో ముక్కు దగ్గర పెట్టే తీగ గుచ్చుకోకూడదు. నేను పక్కడ్ కొన్నది ఆ తీగ కోసమే. ఆ పని దొరికితే సూరత్‌లో ఉంటాం, లేకపోతే అందరిలాగే ఊరికి లారీ ఎక్కుతాం.

నా భార్య ఆ తొంభై రూపాయల పక్కడ్‌ని మూసి వెలుగుకి పట్టింది. దాని దవడల సందులోంచి కిటికీ కనబడింది. తీగ తెగలేదు, నలిగింది. కొన చుట్ట తిరగలేదు, ముల్లులా నిక్కింది. ఆ తీగతో కుట్టిన మాస్కు పెట్టుకుని చూశాను, చెంప గీరుకుపోయింది.

"ఏందయ్యా, కొనేటప్పుడు జర నొక్కి చూడలేదా?"

"చూస్తే ధర పెంచుతడు."

"పిల్లనిచ్చేటప్పుడు మా బాపు నీ పండ్లు గూడ చూసిండు. నువ్వు దీని నోరు గూడ చూడకపోతివి."

సాయంత్రం, పక్కడ్ కొన్న దుకాణం మూసేలోపు మళ్లీ వెళ్లాను. తాడు అవతల ముసలి కాకా, "వాపసు లేదు భాయ్" అన్నాడు నేను నోరు తెరవకముందే.

"వాపసు కాదు కాకా. మాస్కుల్లో పెట్టే తీగ కొనలు చుట్టాలి. రేపు పొద్దునకే. మంచిది కావాలి."

అమ్మేవాడి ముందు అవసరం బయటపెట్టడం నాకదే మొదటిసారి. బజార్లో చొక్కా విప్పి నిలబడ్డట్టయింది.

"పొద్దున ఏం పనికో చెప్పలేదు. ఇంట్లో బట్టలారేసే తీగ కట్టుకుంటావనుకున్నా." లోపలికెళ్లి సన్నముక్కు పక్కడొకటి తెచ్చి, శానిటైజర్‌తో తుడిచి, ఒక తీగ ముక్కతో సహా తాడు మీదుగా అందించాడు. "నొక్కి చూడు."

నొక్కాను. టక్కున తెగింది. కొన మెలితిప్పితే ఆవగింజంత చుట్ట పడింది. మూడొందలన్నాడు. నాలిక కొన దాకా వచ్చిన బేరాన్ని మింగి ఇచ్చేశాను.

మర్నాడు సేఠ్ ఒక్కో మాస్కు లోపల బొటనవేలితో తడిమి చూశాడు. ఏమీ మెచ్చుకోలేదు గానీ, గుడ్డ తాను మాత్రం మా బండి మీదకెక్కించాడు. వారం తిరక్కముందే పక్క గదుల ఆడవాళ్లు కూడా మా ఇంట్లో తీగలు చుడుతున్నారు. లారీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక లెక్క. బేరంలో మిగిలిందని నేను మురిసింది నూట పది. పనికిరాని పక్కడ్ తొంభై, పాడైన తీగ ఇరవై, రెండోసారి పెట్రోలు ఇరవై: పోయింది నూట ముప్పై. ఆ నెల కిరాయి మాస్కులు కట్టాయి, మాస్కులు కుట్టింది నా భార్య. నా పేరున నికరంగా నూట ముప్పై నష్టం.