చింతపండుతో తోమిన రూపాయలు

రాష్ట్రం విడిపోయిన ఏడాది అది. శ్రీకూర్మంలో అక్క ఇంట్లో రెండు రోజులుండి రాజాం తిరిగొచ్చిన పద్మకుమారికి, గుమ్మంలోనే కనిపించింది పళ్లెం. అందులో ఆమె వెండి రూపాయలు కొత్త గిన్నెల్లా తళతళలాడుతున్నాయి.

"ఏటండీ ఇది?"

బట్టల కొట్టు కట్టేసి అప్పుడే వచ్చిన భర్త చంద్రమౌళి నవ్వాడు. "మన వర్తక సంఘం వార్షికోత్సవంలో అందరూ సూడ్డానికి పెడతన్నాం కదా. నువ్వు ఆర్నెల్లబట్టి సేస్తన్న పని అసిరమ్మ ఒక్క పూటలో సేసేసింది. సింతపండు, ఇటుక పొడి. అంతే."

ఆమె ఒక నాణేన్ని అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. విక్టోరియా రాణి చెంప నిండా సన్నటి గీతలు. ఏళ్ల తరబడి పట్టిన మెత్తటి బూడిదరంగు నిగారింపు పోయింది.

కళింగపట్నంలో వ్యాపారం చేసిన తాత ఆమెకిచ్చిన నాణేలవి. గుడ్డ సంచిలో ఉంటే బాగోలేదని చంద్రమౌళే చవక ప్లాస్టిక్ ఆల్బంలు తెచ్చాడు. కొన్నేళ్లకి ఆ ప్లాస్టిక్ చెమర్చి, నాణేలకి ఆకుపచ్చ జిగురు పట్టింది. దాన్ని వదిలించడానికి ఆమె శ్రీకాకుళం నుంచి స్వచ్ఛమైన అసిటోన్ తెప్పించుకుంది. ఇట్టే అంటుకునే ద్రవం కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా, గాలి ఆడే డాబా మీద, గాజు గిన్నెలో పోసి నాణేన్ని నానబెట్టేది. జిగురు దానంతటదే కరిగేది. మళ్లీ కొత్త అసిటోన్‌లో ముంచి, మెత్తని గుడ్డ మీద పెట్టి ఆరనిచ్చేది. రుద్దేది కాదు. రుద్దకూడదని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచింది. వెండి రూపాయల్లో సగం అలా బాగుపడ్డాయి. మిగతా సగమే ఈ పళ్లెంలో ఉన్నవి.

పెరట్లో గిన్నెలు కడుగుతున్న పనిమనిషి అసిరమ్మ తలెత్తింది. "తప్పైపోనాదా అమ్మా?"

"నీ తప్పేటి నేదు. సెప్పినాయనది."

లోపల చంద్రమౌళి విసుక్కున్నాడు. "మురికి పోయింది కదా, ఇంకేటి?"

"మురికితోపాటు నాణెం తోలు ఒలిచేసినారు. నన్నో మాటడగలేకపోనారా? ఫోనుంది కదా."

"అడిగితే వద్దంటావని అడగలేదు."

అప్పుడొచ్చింది ఆమెకి అసలు కోపం. అంతవరకూ తను చెప్పింది మరిచిపోయి చేశాడనుకుంది. ఆ పూట వంట చెయ్యలేదు.

వార్షికోత్సవం రోజు కళ్యాణ మండపంలో ఆమె నాణేలను రెండు పళ్లేల్లో పెట్టింది. ముందు రెండు అట్టముక్కలు నిలబెట్టింది. ఒకదాని మీద "రుద్దకుండా శుభ్రం చేసినవి", రెండోదాని మీద "చింతపండుతో తోమి పాడుచేసినవి" అని రాసింది.

సంఘం అధ్యక్షుడు నగరేశ్వరరావు వంగి చూసి అడిగాడు. "ఎంత పని జరిగింది. ఎవరమ్మా పాడుసేసింది?"

"మా ఇంటాయన," అంది, చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు.

చంద్రమౌళి ముఖం మాడిపోయింది. భోజనానికి కూర్చోకుండానే వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక, "పదిమందిలో నా పరువు తీసేసినావు," అన్నాడు.

"అవును," అంది పద్మకుమారి.

ఆ ప్లాస్టిక్ ఆల్బంలన్నీ మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసింది. తర్వాతి ఆదివారం, తాత ఇచ్చినవాటిలో ఇంకా జిగురు వదలని రాగి కాణీలతో డాబా మీద కూర్చుంది. చంద్రమౌళి మెట్లెక్కి వచ్చాడు.

"నేనూ ఓ సెయ్యి వెయ్యనా?"

"వద్దు."

ఆమె వెనక్కి తిరగలేదు. గాజు గిన్నెలోకి ఇంకో కాణీ జారవిడిచింది.