సముద్రం వైపు సీటు

మా అత్తగారికి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్లయిన ఏడాది, చెన్నైలో మా ఆడపడుచు కొత్త ఫ్లాట్‌కి గృహప్రవేశం పెట్టుకుంది. మావారు సామానుతో ముందే రైల్లో వెళ్లారు. మోకాళ్ల నొప్పులతో అత్తగారు రైలెక్కలేరని మా ఇద్దరికీ విమానం టిక్కెట్లు తీసి, సీట్లు చూసుకోమని నాకొదిలేశారు.

ఆవిడకి విమానం అదే మొదటిసారి. నేను ఆఫీసు పని మీద రెండుసార్లు ఎక్కాను, అంతే. అయినా అన్నీ తెలిసినదానిలా పటమటలో మా వరండాలో కూర్చుని ఫోన్లో సీట్ల బొమ్మ తెరిచాను.

"రెక్క దగ్గర కూర్చుంటే రెక్కే కనపడుతుందత్తయ్యా. ముందు వరసలో తీసుకుందాం. కుడి పక్కయితే పొద్దుటి ఎండ పడదు."

"మనం వెళ్లేది దక్షిణానికేగా?"

"అవునండీ."

"అయితే సముద్రం ఎడం పక్కనుంటుంది. ఎడం పక్క తీసుకో."

"ఎండ సూటిగా మొహం మీద కొడుతుందండీ."

"పెళ్లయ్యేదాకా ఎండలోనే చేపలెండబెట్టాను అమ్మాయ్. నువ్వు ఎడం పక్కే తీసుకో."

ఆవిడ పుట్టింది దివిసీమలో, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో. వాళ్ల నాన్న పడవ మీద వేటకి వెళ్లేవాడు. ఎడం పక్కనే ఆవిడకి కిటికీ, పక్కన మధ్య సీటు నాకు తీసుకున్నాను.

గన్నవరంలో విమానమెక్కేసరికి ఆ కిటికీ సీట్లో ఒకాయన బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనది మా వరసలోనే చివరి సీటు.

"గంట ప్రయాణమేగా, ఎక్కడైతే ఏముందండీ. ఇటు కూర్చోండి" అన్నాడు.

నాకు మొహమాటమేసి సరేనబోయాను. ఈలోగా అత్తగారే అన్నారు, మెల్లగా. "నేను చూడాల్సింది అటుంది బాబూ."

ఆయన ఆవిడ వంక ఒకసారి చూసి లేచాడు.

పైకి లేచి దక్షిణానికి తిరిగామో లేదో, నేను భయపడ్డట్టే ఎండ కిటికీలోంచి సూటిగా లోపలికొచ్చింది. ఆవిడ కొంగు తలమీదుగా ముందుకి లాక్కుని, రెండు చేతులూ కళ్లకి అటూ ఇటూ అడ్డం పెట్టి, నుదురు అద్దానికి ఆనించారు.

"కిటికీ మూయనా అత్తయ్యా?"

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ముందుకి లాగారు. "చూడు."

ఎండ ఎదురుగా ఉండబట్టే కింద నీళ్లన్నీ మెరుస్తున్నాయి. కాలవలు, వరిమళ్ల మధ్య చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తళుక్కుమని ఆరిపోతున్నాయి. దూరంగా కృష్ణ రెండు పాయలై దివిసీమని మధ్యలో పెట్టుకుని సముద్రం దాకా వెళ్తోంది. కుడి పక్క కూర్చుని ఉంటే ఇది చూసేదాన్నే కాదు. ఆ మాట ఆవిడతో అన్నాను.

సముద్రంలో కొంతమేర బురద రంగు, ఆపైన నీలం. మధ్యలో స్పష్టంగా గీత.

"ఏటినీళ్లు దాటామో లేదో మా నాన్న నీళ్లు పుక్కిలించి, ఉప్పు చూసి చెప్పేవాడు. ఇక్కణ్ణించయితే అక్కర్లేదు" అన్నారు.

చివరి సీటాయన ముందుకి వంగాడు. "ఆ తెల్లగా ఉన్నదేంటమ్మగారూ?"

"ఇసక మేట. ఏటేటా చోటు మారుతుంది."

"నెలకోసారి వెళ్తానండీ. కిటికీకి తల ఆనించి పడుకోవడానికే ఆ సీటు చూసుకునేవాణ్ణి."

అత్తగారు వెనక్కి జరిగి ఆయనకి కూడా కనిపించేలా చోటిచ్చారు. ఒడ్డు వెనక్కిపోయేదాకా ముగ్గురం అలా ఒకవైపుకే వంగి కూర్చున్నాం.

చెన్నైలో మా ఆడపడుచు ఎదురొచ్చి, "భయమేసిందా అమ్మా?" అని అడిగింది.

"భయమెందుకే. కాస్త నిదానంగా వెళ్లుంటే బాగుండేది" అన్నారావిడ.