కాల్చని తలకాయ

కరుణక్క బాణామతి చేస్తుందని మా వాడకట్టులో చెప్పుకునేవారు. ప్రతి ఆదివారం మా మాంసం దుకాణంలో గొర్రె తలకాయ కొంటుంది. ఆమె గదిలోంచి కూర వాసన మాత్రం ఒక్కనాడూ రాలేదు. పైగా కిటికీ దగ్గర నిలబడితే ఆ తలకాయతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుందట.

"వండక, తినక దేనికే మరి? అన్నీ గా పూజలకే," అనేది ఆమెకు గది కిరాయికిచ్చిన గుర్వమ్మవ్వ.

కరుణక్కది నారాయణపేట. చిట్యాల దగ్గర హైవే పక్కనున్న కార్ఖానాలో ఆపరేషన్ పనిముట్లకు డిజైన్లు గీసేది. పుర్రె కోయకుండా ముక్కులోంచి పోయి, మెదడు కింద గడ్డను తీసే పట్టుకారు ఆమె పని. పెన్సిల్ కన్నా సన్నగా ఉంటుంది, కొసన కొంచెం వంపు. దాన్ని గొర్రె ముక్కులో పెట్టి చూసేది. లోపలి పొర చిరిగితే మళ్లీ గీసేది. తొమ్మిదితో బడి మానేసి దుకాణంలో కూర్చునే నేను, ఈ సంగతి అడగడానికి చాలా ఆదివారాలు తటపటాయించి, చివరికి ఆమెనే అడిగి తెలుసుకున్నాను.

సోమవారానికల్లా గది ఖాళీ చేయమని గుర్వమ్మవ్వ చెప్పేసింది. పట్టుకారు కూడా సోమవారమే హైదరాబాద్ డాక్టర్లకు చేరాలి. ఈసారీ పొర చిరిగితే పని ఇంకొకరికి ఇస్తామన్నారు కార్ఖానా వాళ్లు.

ఆ ఆదివారం మా బాపుకు ఆమె మీద జాలి కలిగింది. తలకాయను మంట మీద నల్లగా కాల్చి, గీకి, పసుపు రాసి ఇచ్చాడు.

"నీకు కాల్చుడు రాక వండుకుంటలేవు గదా బిడ్డా? ఇగ సీదా పొయ్యి మీద పెట్టుడే."

ముక్కు కాలి ముడుచుకుపోయింది. కరుణక్క సంచిలోకి చూసింది. "మంచిగ కాల్చినవ్ కాకా," అని పైసలిచ్చి వెళ్లిపోయింది.

బాపుకు చెప్పకుండా పచ్చి తలకాయ ఒకటి తీసుకుని ఆమె వెనకే పోయాను. ఆ గదిలోకి వెళ్లడం అదే మొదలు. ఒక కంచం, ఒక గ్లాసు, బల్ల మీద కంప్యూటర్. తీగలాంటి కెమెరాను గొర్రె ముక్కులోకి పంపి, దాని పక్కనుంచి పట్టుకారు తోసింది.

"జర ఓర్చుకో. అయిపోయింది. గింతే," అంటోంది తలకాయతో.

పట్టుకారు లోపలిదాకా పోయి, చిన్న ముక్కను పట్టుకుని బయటికొచ్చింది. కంప్యూటర్ తెర మీద పొర గులాబీ రంగులో, ఎక్కడా చెదరకుండా ఉంది.

"చిరగలే," అంది తలకాయతోనే. నేనున్నానని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "చిరగలే చెల్లే!"

"గిది నేను వండుకొస్త అక్కా, ఇద్దరం తిందాం," అన్నాను సంతోషం పట్టలేక.

ఆమె నవ్వి తల అడ్డంగా ఊపింది. తెల్లారి పెట్టె, పట్టుకారు తీసుకుని హైదరాబాద్ బస్సెక్కింది.

"పాయెనా గా పూజలది?" అని గుర్వమ్మవ్వ ఊపిరి పీల్చుకుంది.

కరుణక్క చిన్నప్పటి నుంచీ నీసు తినదు. వాడకట్టులో ఎవరూ ఒక్కపూట కూడా ఆమెను బువ్వకు పిలవలేదు.