ఆర్థర్ మాస్టారి గ్రీకు క్రియ

ఆర్థర్ మాస్టారి ముందు ‘కనికరం’ అన్న మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆయన వెంటనే పొట్ట పట్టుకుంటారు. నొప్పి వచ్చి కాదు, గ్రీకు వచ్చి.

బైబిలు కళాశాలలో గ్రీకు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక బోయిగూడలో ఒక్కరే ఉంటున్నారు. సువార్తల్లో యేసు జనాన్ని చూసి ‘కనికరపడి’ అని మన తెలుగులో ఉన్నచోట గ్రీకులో ‘స్ప్లాంఖ్నిజోమయి’ అనే క్రియ ఉందట. అందులోని ‘స్ప్లాంఖ్న’ అంటే పేగులు, గుండె, కార్జం, మనిషి లోపలి సరంజామా అంతా.

“కనికరం అంటే కుర్చీల కూసొని కిందికి చూసుడు, అయ్యగారూ. గీ క్రియ అట్ల కాదు. కడుపు తరుక్కుపోవుడు!” అంటారు, రెండు చేతులతో పొట్టను మెలిపెట్టి చూపిస్తూ.

ఆ అయ్యగారిని నేనే. సీతాఫల్‌మండిలో ఓ చిన్న సంఘానికి పాస్టరును. నా ప్రసంగంలో ఆ మాట దొర్లిందంటే చాలు, వెనక బెంచీలోంచి దగ్గు వినిపించేది. ఆయన బాధ పడలేక ‘కరుణ’ అనడం మొదలుపెట్టాను. దగ్గు ఇంకా పెద్దదైంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను చెయ్యి పట్టుకుని కలీముల్లా మటన్ దుకాణానికి తీసుకెళ్లారు.

“బోటీ ఎంత కావాలె, సాబ్?” అన్నాడు కలీముల్లా.

“తూకం వద్దు భాయ్, జెర చూపెట్టు చాలు. అయ్యగారికి క్రియ సమజైతలేదు.”

కలీముల్లా పేగులు పైకెత్తి పట్టుకున్నాడు. తర్వాత నా వైపు జాలిగా చూసి, “పాదరీ సాబ్‌కు తబియత్ బాగలేదా?” అని అడిగాడు.

ఇంతవరకూ ఫర్వాలేదు. కానీ మాస్టారు చావు జరిగిన ఇళ్లకు కూడా ఇదే సరుకు మోసుకొచ్చేవారు. నేను ఆదరణ కూడికలో, “దేవుడు ఈ కుటుంబాన్ని కనికరించును గాక” అనేలోపే ఆయన పొట్ట పట్టుకుని లేచేవారు. కార్ఖానా బస్తీలో ఒక ఇంట్లో, పోయినాయన బావమరిది మాస్టారిని రెక్క పట్టుకుని గేటు బయట దిగబెట్టి వచ్చాడు. మాస్టారు ఆ మరుసటి వారం ఇంకో చావింట్లో హాజరు. మా సంఘంలో పెద్దవాళ్లు కొందరు, ‘నేను పోతే ఆర్థర్‌కు మాత్రం కబురు పెట్టకండి’ అని ఇంట్లో ముందే చెప్పి ఉంచుకున్నారు.

ఆయనకు ఎదురు తిరిగి మాట్లాడేది కాంతమణి ఒక్కతే. మా సండే స్కూలు టీచరు. “సారూ, మా నాయనమ్మ కాలం నుంచి కనికరమే. మీ పేగులు మీ కాడనే ఉంచుకోండ్రి” అనేది.

ఈ వానాకాలంలో కాంతమణి భర్త బిక్షం చనిపోయాడు. పొద్దున్నే పాల ప్యాకెట్ తేవడానికి వెళ్లి సందు మలుపులోనే కూలిపోయాడు. పిల్లలు లేరు. సమాధుల తోట నుంచి వచ్చిన కాంతమణి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. మాట్లాడలేదు. సంఘం ఆడవాళ్లు కలిపి పెట్టిన అన్నం పళ్లెంలోనే ఎండిపోయింది. మంచినీళ్లు కూడా పెదవులు దాటలేదు. బిక్షం రెయిన్‌కోటు తలుపు వెనక వేలాడుతూనే ఉంది. దాన్ని తీసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆదరణ కూడిక నాటికి ఆమె ముఖం చూస్తే నాకు భయం వేసింది. బయట ముసురు, లోపల కరెంటు లేదు. ఆ చీకట్లోకి తడిసిన గొడుగు మడుస్తూ ఆర్థర్ మాస్టారు వచ్చారు. వద్దని కళ్లతోనే బతిమాలాను. ఆ కంగారులో నా నోరే జారింది. “కాంతమణమ్మా, దేవుడు కనికరం గలవాడు...”

“కాదు!” మాస్టారు పొట్ట పట్టుకున్నారు. “కడుపు తరుక్కుపోవుడు! నాయీను ఊరి విధవరాలు కొడుకు శవం ఎంట పోతుంటే, యేసు ఆమెను చూసినప్పుడు సుత గదే క్రియ...”

“ఊకోండ్రి సారూ!” అని ఎవరో కసిరారు.

కాంతమణి తలెత్తింది. “తరుక్కుపోతే?” అంది. గొంతు తుప్పు పట్టినట్టుంది. “ఆమె కొడుకును లేపిండు. నా మనిషినెందుకు లేపలే? గ్రీకంతా చదివిన్రు గదా, చెప్పుండ్రి!”

మాస్టారి చేయి పొట్ట మీంచి మెల్లగా జారింది.

“గ్రీకుల లేదమ్మా,” అన్నారు. “మా ఆమె పోయినప్పుడు నేను సుత దేవులాడిన. దొరకలే.”

“లేదా? మరి ఇన్నేండ్లు మా పాణాలెందుకు తోడిన్రు!” అంటూ విరుచుకుపడింది కాంతమణి. మాస్టారిని తిట్టింది, నన్ను తిట్టింది, చెప్పకుండా పోయిన బిక్షాన్ని తిట్టింది. ఆపబోయిన వాళ్లను మాస్టారు చేత్తో వారించారు. తిట్టి తిట్టి, చివరికి చీర చెంగులో ముఖం దాచుకుని భోరుమంది.

ఆమె కొంచెం కుదుటపడ్డాక మాస్టారు అన్నారు: “ఒక్కటి మాత్రం దొరికింది బిడ్డా. గా క్రియ ఒక్కటే ఉండదు. దానెంట ఇంకో క్రియ వస్తది. ముట్టుకున్నడు, అన్నం పెట్టిండు, గాయానికి కట్టు కట్టిండు, ఉరికొచ్చి కావలించుకున్నడు. లేపుడు నాతోని కాదు. ఉప్మా చేసుడైతది.”

అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

అదీ కాలేదని కాసేపటికే అందరికీ వాసన వచ్చింది. కాంతమణి ముక్కు తుడుచుకుంది. “పోపు మాడుతున్నది సారూ!” అంది. గోడ పట్టుకుని లేచి, తూలుకుంటూ లోపలికి వెళ్లింది. “రవ్వ ఏంచకనే పోసిన్రా? జరుగుండ్రి పక్కకు!” అన్న అరుపు మాకు వినిపించింది. మళ్లీ చేసింది. మాస్టారు పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, ఆయన మీద సణుగుతూనే తింది.

తిరిగి వెళ్తూ ఒకే గొడుగు కింద అడిగాను, “మాస్టారూ, కావాలనే రెచ్చగొట్టారా?”

“ఏడుపు రానోళ్లను కొట్లాటకు దింపాలె అయ్యగారూ. నోరు తెరిస్తే ముద్ద లోపలికి పోతది. నన్ను గేటు దాకా ఈడ్చిన బావమరిది గా పూటనే అన్నం తిన్నడు. పోయి అడుగుండ్రి.”

“అయితే ఇన్నాళ్లూ ఆ గ్రీకంతా నాటకమా?”

ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయారు. “నాటకమా? క్రియ ముమ్మాటికి నిజం! మీకే ఇంకా సమజైతలేదు!” అని గొడుగు తీసుకుని చరచరా వెళ్లిపోయారు. నేను తడుస్తూ ఇంటికి చేరాను.

ఇప్పుడు చావు ఇళ్లకు మాస్టారూ కాంతమణీ కలిసే వెళ్తున్నారు. మొన్న ఒక ఇంట్లో మాస్టారు ఆ క్రియ మీద మంచి ఊపులో ఉండగా వంటింట్లోంచి కాంతమణి కేకేసింది: “సారూ, ఇగ చాలు. వచ్చి ఉల్లిగడ్డలు కోయుండ్రి!”

ఆయన వాక్యం మధ్యలోనే ఆపి లోపలికి వెళ్లారు. నా ప్రసంగానికి ఎన్నడూ అంత మర్యాద ఇవ్వలేదు.