ఉడకని పప్పు

ఏళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నాకు దండ వేయరు.

మర్రిగూడ దిక్కు మా ఊరికి సర్పంచ్‌గా చేశాను. ఇప్పుడు ఇంకా పెద్ద పదవి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు నడుం వంగిపోయిన మా అమ్మ, తలెత్తి ఆకాశం చూడకుండానే పోయింది. ఊరికి కృష్ణ నీళ్లు తేవాలని, ఆ ఒక్క పనికే నిలబడ్డాను.

పైపులు వచ్చాయి. నల్లా విప్పడానికి పెద్దవాళ్లు ముహూర్తం పెట్టారు. చివరి వాడకు మాత్రం పైపు ఇంకా కలవలేదు. నలుగురిలో పరువు పోతుందని అక్కడి ట్యాంకును పాత బోరుతో నింపించాను. వారంలో కలిపిద్దామనుకున్నాను. చప్పట్లు కొట్టారు. అంతదాకా ఫిల్టరు నీళ్లు మోసుకొచ్చి తాగినవాళ్లు నా మాట నమ్మి మోయడం మానేశారు.

తర్వాత? పెళ్లిళ్లు, పంచాయితీలు, ఫోన్లు. ఊపిరి సలపని పని. ఏం పని? అడిగితే ఒక్కటీ చెప్పలేను. వారం కాస్తా రెండు ఎండాకాలాలైంది.

ఒకనాడు ఆ వాడ యాదమ్మ, నాకు వరుసకు అత్త, చంకలో మనవరాలితో నా కారుకు అడ్డం నిలబడింది.

“అల్లుడా, కిష్ణ నీళ్లంటివి. మరి పప్పు ఉడుకుతలేదేంది?”

బోరు నీళ్లకు పప్పు ఉడకదని మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. నాకు తెలియదా?

“పాత పప్పైతది అత్తా. జర పోనియ్యి, మీటింగున్నది.”

“మా చెల్కల మొన్న పండిన పప్పే... అయినా నువ్వు చెప్పినంక గంతే ఉంటది తియ్యి.”

ఆ పప్పంతా మేకలకు పోసిందట. నన్ను అనుమానించడం చేతగాక తన పంటను అనుమానించింది. ఆమె తిట్టినా బాగుండేది. అద్దంలో నా ముఖం మీద ఉమ్మాలనిపిస్తుంది.

చివరికి పైపు కలిసింది. కలిపించింది నేను కాదు, ఇంకెవరో. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మొన్న బడిలో నేనే ముఖ్య అతిథిని. పూలు ఇచ్చింది యాదమ్మ మనవరాలే. నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు, మా అమ్మ పళ్ల మీద ఉన్నవే. అంత చిన్నపిల్లకు నవ్వు దాచుకోవడం నేర్పింది నేనే కదా? పని ఎక్కువై మరిచిపోయానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న అబద్ధం ఇంకోసారి చెబితే, చెప్పు తీసుకుని కొట్టండి. నాకున్నది ఒక్కటే పని, ఆ నీళ్లు తేవడం.

మైకు దగ్గరికి పోలేదు. ఫోన్ ఆపేసి యాదమ్మ ఇంటికి నడిచాను. చేటలో పప్పు వేసుకుని రాళ్లు ఏరుతోంది.

“అత్తా, అప్పుడు నీ పప్పు మంచిదే. నీళ్లే పాతయి. బోరువి. నేనే పోయించిన.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. కూర్చోమనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగే ముఖం లేదు. కానీ గొంతులో ముల్లు కదిలింది.

ఆ వాడలో ఇంకా చాలా ఇళ్లున్నాయి. పక్కింటి తలుపు కొట్టాను.