ఇత్తడి బిళ్ల వెనక

తిరువూరులో విస్సన్నపేట రోడ్డు పక్కన ఏసోబు షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఆయనకు అరవై ఆరేళ్లు, మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. అయినా పాత కారు సామాను అసలుదో దొంగదో తేల్చుకోవాలంటే బెజవాడ వాళ్లూ ఖమ్మం వాళ్లూ కూడా ఆయన్నే వెతుక్కుంటూ వస్తారు.

సామాను చేతికి రాగానే కిరోసిన్ గుడ్డతో తుడుస్తాడు. ముద్ర కొట్టిన చోట సుద్దముక్క రుద్దుతాడు. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా తేలతాయి. అప్పుడు కళ్లజోడు తీసేసి గోటితో తడుముతాడు. పాతకాలంలో ఫ్యాక్టరీలో కొట్టిన అంకెల అంచులు గోటికి గరుగ్గా తగులుతాయి. ఈమధ్య యంత్రాలతో చెక్కుతున్న దొంగ అంకెలు పెళ్లికొడుకుల్లా ముస్తాబై ఉంటాయి. అంత ముచ్చటగా ఉంటే అనుమానించాల్సిందేనని ఏసోబు అంటాడు.

ఈ విద్య వల్ల ఆయన బావుకున్నదేమీ లేదు. దొంగదని చెప్పించుకోవడానికి ఎవరూ రారు కదా! అసలుదంటే దండం పెడతారు, దొంగదంటే ముసలాడికి కళ్లు కనపడవంటారు. మొహాలు మాడ్చుకుని వెళ్లేవాళ్లను చూసి చూసి ఆయనకు విసుగెత్తిపోయింది. "ఇంక చాలించకూడదూ?" అని భార్య ప్రేమావతి రోజూ అంటూనే ఉంటుంది. రేపటి నుంచి మానేస్తానని ఆయనా రోజూ చెబుతూనే ఉంటాడు.

ఆ రేపు రాకముందే రైస్ మిల్లు ఉమాశంకర్ నుంచి కబురొచ్చింది.

ఉమాశంకర్ ఇంట్లో ఇంగ్లండులో తయారైన నల్లకారు ఉంది. తండ్రి కొన్నది. బెజవాడలో జరిగే పాత కార్ల పోటీకి దాన్ని తీసుకెళ్లాలని ఆయన ముచ్చట. పోటీ పెట్టేవాళ్ల తరఫున ఒకాయన ముందుగా వచ్చి కారు చూశాడు. ఇంజనుకు నాలుగు రివిట్లతో బిగించిన ఇత్తడి బిళ్ల ఒకటుంటుంది. ఇంజను నంబరు దాని మీదే. ఆ బిళ్ల మీద ఇప్పుడు అంకెల జాడ లేదు. నంబరు అరగదీశారనీ, అసలు ఇంజను ఎప్పుడో మారిపోయి ఉంటుందనీ తేల్చేసి ఆయన వెళ్లిపోయాడు.

ఆ ఇంజనును ఇన్నేళ్లలో విప్పింది ఒక్కడే. ఎనభై తొమ్మిదిలో అది రెండు నెలలు ఏసోబు షెడ్డులోనే ఉంది.

ఏసోబు వెళ్లేసరికి ఉమాశంకర్ కారు పక్కనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ వేయించే కుర్చీ వేయించలేదు. "మేస్త్రీ, అప్పుడేమైనా మారిందా? ఉన్నదున్నట్టు చెప్పు. నేనేం అనను" అన్నాడు.

ఏమీ అననంటూనే అనాల్సిందంతా అనేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్న మాట ఒక్కటే మిగిలింది. ఏసోబుకు ముందు కోపం రాలేదు, నీరసం వచ్చింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే కాబోలు అనుకుని, బానెట్టు పట్టుకుని వంగాడు.

సుద్ద రుద్దితే ఒక్క గీతా లేవలేదు. గోటితో తడిమాడు. ఆకురాయి పెట్టి అరగదీస్తే బారుగా గీతలుండాలి. ఈ బిళ్ల పాత రాగిచెంబు అడుగులా నున్నగా ఉంది. రివిట్ల తలలు కూడా అరిగాయి గానీ, ఎక్కడా ఉలి పడ్డ గాటు లేదు.

అప్పటికి ఉమాశంకర్ తల్లి సుబ్బరత్నం చేతికర్ర ఊతంతో వచ్చింది.

"అమ్మగారూ, దసరాకి ఈ బిళ్లని దేంతో తోముతారండీ?"

"దేంతో ఏంటి ఏసోబూ? దేవుడి సామాను తోమినట్టే. చింతపండూ, ఇటికపొడీ. ఏటా నా చేత్తోనే తోమి పసుపూ కుంకం పెడతాను. పనివాళ్లని ముట్టుకోనివ్వను."

"ఎన్నేళ్లనుంచండీ?"

"ఆయన కారు కొన్నప్పట్నించీ. యాభై దాటుంటాయి."

ఏసోబు నడుము నిటారు చేశాడు. "ఇంజను మారలేదు బాబుగారూ. అమ్మగారి భక్తికి నంబరు అరిగిపోయింది, అంతే. రివిట్లు ఫ్యాక్టరీవే, ఎవరూ ముట్టుకోలేదు."

ఉమాశంకర్ తల్లి వంక చూశాడు, బిళ్ల వంక చూశాడు. "చింతపండుకి అంకెలు పోతాయా మేస్త్రీ?"

"బిళ్ల పల్చటిది. ముందువైపు కొట్టిన అంకెలు వెనకవైపు ఉబ్బుంటాయి. అక్కడికి చింతపండు పోదు. కానీ చూడాలంటే రివిట్లు తియ్యాలి. వద్దు బాబుగారూ. పోటీవాళ్లు ముందు చూసేది రివిట్లనే. ఒకసారి తీస్తే మళ్లీ అవి రావు."

"తియ్యకపోతే నువ్వు చెప్పింది నిజమని మాకెలా తెలుస్తుంది?"

ఆ మాట ఏసోబుకు ముల్లులా దిగింది. ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఆయన అసలుదంటే అసలుది, దొంగదంటే దొంగది. ఇవాళ ఆయనే అసలువాడో దొంగవాడో తేల్చాలట. ఇంటికి వెళ్లిపోదామనుకున్నాడు. అలా వెళ్లిపోతే దొంగ అన్న మాట వెనకే వస్తుంది, ప్రేమావతి చెవిన కూడా పడుతుంది. సంచీలోంచి ఉలీ సుత్తీ తీశాడు.

నాలుగు రివిట్లూ తలలు తెగి నేల మీద పడ్డాయి. బిళ్ల వెనక పేరుకున్న మడ్డిని కిరోసిన్‌తో తుడిచాడు. అంకెలు తిరగబడి, ఉబ్బెత్తుగా బయటపడ్డాయి. సుబ్బరత్నం అద్దం తెప్పించింది. అద్దంలో చూస్తూ ఉమాశంకర్ కారు సీ బుక్కులో రాసున్న నంబరుతో ఒక్కొక్క అంకె పోల్చుకున్నాడు. అన్నీ కలిశాయి.

"ఏమనుకోకు మేస్త్రీ" అంటూ ఆయన ఏసోబు భుజం పట్టుకున్నాడు. అప్పుడు కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది. "బిళ్ల మళ్లీ బిగించెయ్. బెజవాడకి నువ్వు కూడా రా. రివిట్లు ఎందుకు తీశామో వాళ్లకి నువ్వే చెప్పు. నీ మాటంటే వాళ్లకి గురి."

ఏసోబు కుర్చీలో కూర్చోలేదు. సంచీలోంచి కొత్త రివిట్లు తీసి వరసగా కొట్టాడు. అరిగిన బిళ్లకు నాలుగు మూలలా కొత్త తలలు తళతళా మెరిశాయి. చేతులు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకున్నాడు.

"నేను రాను బాబుగారూ. రివిట్లు మార్చిన బిళ్ల తెచ్చి, ఇది అసలుదేనని ఎవరెంత చెప్పినా నేనెప్పుడూ నమ్మలేదు. రేపు మీరే ఇది నా షెడ్డుకి తెచ్చినా దొంగదనే చెబుతాను."